గ్యాసు బండి... గోదారి దారి!

శనివారం బెజవాడ ఆటోనగర్‌లో ఓ పెట్రోలు కారు గ్యాసు కారుగా మారింది. ఆదివారం అదే కారు, గ్యాసు పుట్టిన నేలను చూడ్డానికి కోనసీమకు బయల్దేరింది. కారులో నలుగురు స్నేహితులు, ఓ సబ్బునీళ్ల సీసా, మాటల్లోకి రాని ఓ పాత గాయం!

విజయవాడ అనగానే ఎవరికైనా ఇంద్రకీలాద్రి మీది దుర్గమ్మ, ప్రకాశం బ్యారేజీ, రోళ్లు పగిలే ఎండలు గుర్తొస్తాయి. లారీ డ్రైవర్లనడిగితే మాత్రం ముందు చెప్పే పేరు ఆటోనగర్. బండి ఎక్కడ మొరాయించినా సరే, 'బెజవాడ దాకా ఈడ్చుకెళ్తే చాలు, ఆటోనగర్‌లో బాగైపోతుంది' అన్నది వాళ్ల ధీమా.

బందరు రోడ్డు మీద ఆటోనగర్ గేటు దగ్గర దిగి లోపలికి నాలుగడుగులు వేయండి. సుత్తి దెబ్బలు, గ్రైండర్ల రొద, వెల్డింగ్ మెరుపులు, పెయింటు వాసన... అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. ఒక షెడ్డులో తలా మొండెం లేని లారీ ఛాసిస్ నిలబడి ఉంటుంది. పక్క షెడ్డులో దానికి చెక్క క్యాబిన్ తయారవుతుంటుంది. ఎదురుగా కమాను కట్టలు సాగగొట్టేవాళ్లు, ఆ పక్కన రేడియేటర్లు అతికేవాళ్లు, ఇంకాస్త ముందుకెళితే లేతు మిషన్లు, సీట్లకు రెక్సిన్ కుట్టేవాళ్లు, లారీ వెనకాల తామరపువ్వూ నెమలీ గీసే పెయింటర్లు. 1966లో జవహర్ ఆటోనగర్ పేరుతో మొదలైన ఈ బస్తీ ఆసియాలోకెల్లా పెద్ద ఆటోనగర్ అని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ మాట నిజమో కాదో తేల్చేందుకు టేపు పట్టుకుని ఎవరూ కొలవక్కర్లేదు. ఓ పూట తిరిగితే కాళ్లే చెబుతాయి!

లారీలదే రాజ్యమైన ఈ చోటికి కొన్నేళ్లుగా కార్ల రాక కూడా పెరిగింది. కొన్ని షెడ్ల ముందు 'సీఎన్‌జీ కిట్లు అమర్చబడును' అన్న బోర్డులు కనిపిస్తాయి. ఓ శనివారం ఉదయం అలాంటి బోర్డు ముందే ఆగింది తెల్లటి పాత వ్యాగనార్. అందులోంచి దిగిన నలుగురూ ఒకే కాలేజీలో డిగ్రీ చదివినవాళ్లు. కారు యజమాని మెడికల్ రిప్రజెంటేటివ్. మిగిలిన ముగ్గురిలో ఒకరు లెక్కల మాస్టారు, ఇంకొకరు బ్యాంకు ఉద్యోగి, మరొకరికి ఫ్లెక్సీల షాపుంది. కారు ఒకరిదే అయినా దాని గురించి సలహాలు మాత్రం నలుగురివీ!

లెక్క తేలింది.. భయం తేలలేదు

రోజూ ఎనభై కిలోమీటర్లు తిరిగే ఉద్యోగం ఆ రిప్రజెంటేటివ్‌ది. కంపెనీ ఇచ్చే దారి ఖర్చులు ఒకవైపు, పెట్రోలు బిల్లు మరోవైపు... ఆ రెండింటి మధ్య తేడా జీతంలోంచి పోతోంది. మాస్టారు ఓ మందుల పెట్టె అట్ట మీద లెక్క వేసి చూపించారు. గ్యాసు మీద కిలోమీటరుకయ్యే ఖర్చు పెట్రోలుతో పోలిస్తే మూడోవంతుకు పైగా తగ్గుతుంది. మంచి కిట్టు, సిలిండరు, కూలీ కలిపి యాభై అరవై వేల దాకా అవుతుంది. అంత తిరిగేవాడికి ఏడాదిన్నరలోనో రెండేళ్లలోనో పెట్టుబడి తిరిగొస్తుంది. వారానికోసారి గుడికీ, నెలకోసారి పెళ్లికీ తీసే కారైతే మాత్రం ఆ డబ్బు వెనక్కి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. కాబట్టి 'గ్యాసు చవక' అన్న మాట అందరికీ ఒకేలా వర్తించదు. బండి ఎంత తిరుగుతుందన్నదే అసలు లెక్క.

లెక్కయితే తేలింది గానీ ఇంట్లో భయం మాత్రం తేలలేదు. 'వెనక సీట్లో పిల్లలు కూర్చుంటారు. వాళ్ల వీపు వెనకాలే బాంబు కట్టుకుని తిరగాలా?' అన్నది ఆయన భార్య ప్రశ్న. ఎంత చెప్పినా ఆమె ఒక్క షరతు మీదే ఒప్పుకుంది. 'ముందు మీరు దూరం వెళ్లి రండి. పిల్లల్ని ఎక్కించే సంగతి తర్వాత.'

'దూరమే వెళ్లాలంటే మా పిన్ని వాళ్ల ఊరు వెళ్దాంరా. తాటిపాక అవతల. గ్యాసు పుట్టింది కూడా అక్కడేగా' అన్నారు మాస్టారు. అలా శనివారం షెడ్డులో పనికి, ఆదివారం ప్రయాణానికీ ముహూర్తం కుదిరింది.

బొగ్గుల బస్సు రోజులు

మోటారు బండిని గ్యాసుతో నడపడం మనకు కొత్తేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలుకు రేషన్ పెట్టినప్పుడు మన రోడ్ల మీద బొగ్గుల బస్సులు తిరిగాయి. బస్సు వెనకాల నిలువెత్తు బొగ్గుల కుంపటి ఒకటి తగిలించి ఉండేది. అందులో బొగ్గును తక్కువ గాలితో మండిస్తే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా ఉండే గ్యాసు పుడుతుంది. దాన్ని వడగట్టి ఇంజన్‌లోకి పంపేవారు. పొద్దున్నే క్లీనరు చెమటలు కక్కుతూ గాలి చక్రం తిప్పితే గానీ కుంపటి రాజుకునేది కాదు. ఎత్తు వచ్చిందంటే బస్సు ఆగిపోయేది. ప్రయాణికులు దిగి తోయాల్సిందే! ఆ రోజుల్లో జర్మనీలోనైతే కట్టెల నుంచి తీసిన గ్యాసుతో లక్షల బళ్లు నడిచాయి. యుద్ధం అయిపోయి పెట్రోలు దొరగ్గానే కుంపట్లన్నీ తుక్కు కిందకి పోయాయి.

మళ్లీ మన దేశంలో గ్యాసు బళ్లకు ఊపొచ్చింది ఢిల్లీ పొగ వల్ల. 1998లో సుప్రీంకోర్టు అక్కడి సిటీ బస్సులన్నిటినీ సీఎన్‌జీకి మార్చమని ఆదేశించింది. తర్వాత చట్టం మారి వంటగ్యాసు జాతికే చెందిన ఆటో ఎల్పీజీకీ అనుమతి వచ్చింది. మన దగ్గర సీఎన్‌జీ కోసం గెయిల్, హెచ్‌పీసీఎల్ కలిసి 2003లో భాగ్యనగర్ గ్యాస్ సంస్థను ఏర్పాటు చేశాయి. హైదరాబాద్, విజయవాడల్లో బంకులు పెట్టింది ఆ సంస్థే.

షెడ్డులో కథ మొదలుకు వద్దాం. టీలు తాగుతుండగా ఫ్లెక్సీ షాపాయన కొత్త సలహా ఒకటి బయటికి తీశాడు. 'నాకు తెలిసిన కుర్రాడున్నాడ్రా. పాత సిలిండరు, పాత కిట్టు. సగం డబ్బుల్లో పని అయిపోద్ది.'

ఆ మాట విన్న మేస్త్రి పానా పక్కన పెట్టాడు. పాతికేళ్లుగా ఇదే పనిలో ఉన్న మనిషి. లోపలి నుంచి కొత్త సిలిండరు ఒకటి దొర్లించుకొచ్చి, దాని మెడ దగ్గర చెక్కిన అంకెల మీద వేలు పెట్టి చూపించాడు. 'ఇది సిలిండరు పుట్టిన తేదీ సార్. ఇది నంబరు. మూడేళ్లకోసారి దీన్ని విప్పి, నీళ్లు నింపి, ఒత్తిడి పెట్టి పరీక్ష చేయించాలి. మీ వాడి దగ్గరున్న సిలిండరు మెడ మీద ఏం రాసుందో అడగండి.'

ఫ్లెక్సీ షాపాయన ఫోను తీశాడు. అవతలి నుంచి ఏం సమాధానం వచ్చిందో గానీ, మళ్లీ ఆ సలహా ఎత్తలేదు.

టైరులో గాలికి వంద రెట్లు

మేస్త్రి అంతలా పట్టుబట్టడానికి కారణం ఉంది. కారు టైరులో గాలి ఒత్తిడికి సీఎన్‌జీ సిలిండరులో ఒత్తిడి దాదాపు వంద రెట్లు. సాంకేతికంగా చెప్పాలంటే 200 బార్లు. మీథేన్‌ను మామూలు వాతావరణంలో ఎంత నొక్కినా ద్రవంగా మారదు. అందుకే ఇంత బలంగా కుక్కి నింపాలి. అంత చేసినా అరవై లీటర్ల సిలిండరులో పట్టేది తొమ్మిది పది కిలోలే. ఆ గ్యాసును మోయడానికి దాదాపు అరవై కిలోల ఉక్కు కావాలి! వ్యాగనార్ డిక్కీలో ఈ సిలిండరు పెడితే ఇక సంచులు పెట్టుకోవడానికి కూడా చోటు మిగలదు.

పని మొదలుపెట్టగానే మేస్త్రి గ్యాసు సామాను ముట్టుకోలేదు. ముందు ఇంజన్ పరీక్షించాడు. ప్లగ్గులు విప్పి చూశాడు. ఎయిర్ ఫిల్టరు దులిపి చూసి, 'కొత్తది వేయాలి' అన్నాడు. 'పెట్రోలు మీద సరిగ్గా నడవని బండి గ్యాసు మీద అసలే నడవదు సార్. జబ్బు మనిషికి కొత్త బట్టలు కట్టినట్టు ఉంటుంది' అని నవ్వాడు.

తర్వాత డిక్కీలో ఇనుప ఊయల బిగించి, అందులో సిలిండరును పట్టీలతో కట్టేశారు. సిలిండరు వాల్వు చుట్టూ ఓ తొడుగు ఉంటుంది. ఎప్పుడైనా గ్యాసు కారితే అది కారు లోపలికి రాకుండా ఆ తొడుగు గొట్టం ద్వారా కింద నుంచి బయటికి పంపేస్తుంది. అక్కడి నుంచి సన్నటి ఉక్కు గొట్టం కారు అడుగు నుంచి బానెట్ దాకా సాగుతుంది. సైలెన్సర్ వేడి తగలకుండా, రాయి తగిలినా నలగకుండా దాన్ని క్లాంపులతో పట్టి ఉంచాలి. ముందు భాగంలో రెడ్యూసర్. 200 బార్ల ఒత్తిడిని ఇంజన్‌కు సరిపోయేంతకు దించేది అదే. గ్యాసు ఒక్కసారిగా విచ్చుకుంటే చల్లబడి గడ్డకట్టేంత పని చేస్తుంది. అందుకని రేడియేటర్ నుంచి వేడి నీళ్లను దాని చుట్టూ తిప్పుతారు. ఈ కార్లు ముందు పెట్రోలు మీద స్టార్టయి, ఇంజన్ వేడెక్కాకే గ్యాసుకు మారడంలో రహస్యం ఇదే.

మూడు సిలిండర్ల ఇంజన్ కాబట్టి గ్యాసుకు మూడు ఇంజెక్టర్లు. వాటి కోసం గాలి గొట్టానికి రంధ్రాలు వేయాలి. మేస్త్రి దాన్ని పూర్తిగా విప్పి బల్ల మీద పెట్టి డ్రిల్లు వేశాడు. బండి మీదే వేస్తే లోహపు రజను ఇంజన్‌లో పడుతుంది కదా! సాయంత్రానికి లాప్‌టాప్ పట్టుకుని ఓ కుర్రాడొచ్చాడు. పెట్రోలు కంప్యూటర్‌కూ గ్యాసు కంప్యూటర్‌కూ రాజీ కుదిర్చాడు. స్టీరింగ్ పక్కన చిన్న బటన్. దాని మీద నాలుగు ఆకుపచ్చ దీపాలు. గ్యాసు తగ్గేకొద్దీ ఒక్కోటీ ఆరిపోతాయి.

సబ్బు నురగ పరీక్ష

బంకులో గ్యాసు నింపించుకొచ్చాక అసలైన పరీక్ష మొదలైంది. షెడ్డు కుర్రాడు మినరల్ వాటర్ సీసాలో సబ్బునీళ్లు కలిపి తెచ్చాడు. సిలిండరు వాల్వు, రెడ్యూసర్, నింపే మూతి... ఎక్కడెక్కడ జాయింటు ఉంటే అక్కడల్లా చిన్న బ్రష్షుతో నురగ పూశాడు. నలుగురు స్నేహితులూ ఊపిరి బిగబట్టి చూశారు. రెడ్యూసర్ దగ్గర ఓ జాయింటు మీద ఆవగింజంత బుడగ లేచింది. మళ్లీ లేచింది!

మేస్త్రి వాల్వు కట్టేసి, జాయింటు విప్పి, రింగు మార్చి, మళ్లీ బిగించాడు. మళ్లీ నురగ. ఈసారి బుడగ లేదు. అయినా పది నిమిషాలు ఆగి ఇంకోసారి చూశాడు. 'ఇంత చిన్న దానికి అంత హడావిడా?' అన్నాడు బ్యాంకు ఉద్యోగి. 'చిన్నప్పుడే పట్టుకోవాలి సార్. పెద్దదయ్యాక సబ్బునీళ్లు సరిపోవు' అన్నాడు మేస్త్రి.

మీథేన్‌కు సొంత వాసన లేదు. వాడేవాళ్లకు తెలియాలని బంకులకూ ఇళ్లకూ పంపే గ్యాసులో కుళ్లిన కోడిగుడ్డు లాంటి వాసన కలుపుతారు. ఆ వాసన ఒక రకంగా ప్రాణదాత. సీఎన్‌జీకి ఇంకో మంచి గుణమూ ఉంది. గాలి కంటే తేలిక కాబట్టి కారినా పైకి పోతుంది. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య కలిసినప్పుడే అంటుకుంటుంది. ఎల్పీజీ అలా కాదు. అది గాలి కంటే బరువు. కారితే నేల మీద పాకుతుంది, గుంటల్లో పేరుకుంటుంది. చిన్న నిప్పురవ్వ కోసం కాచుకుని కూర్చుంటుంది.

అందుకే ఇంట్లో వాడే ఎర్ర సిలిండరును మారుతీ వ్యాన్లకు తగిలించడం, ఇంటి సిలిండరులోంచి కారు ట్యాంకులోకి గ్యాసు ఎక్కించడం ప్రాణాలతో చెలగాటం. చట్టరీత్యా నేరం కూడా. అలా ఎక్కిస్తూ కాలిపోయిన వ్యాన్ల వార్తలు ఈ పాతికేళ్లలో ఎన్నిసార్లు చదివామో! ఇంటి సిలిండరు నిలబెట్టి పొయ్యికి గ్యాసు పంపడానికి చేసింది. గతుకుల రోడ్డు మీద ఎగిరిపడటానికి కాదు. కారు ట్యాంకుకు ఎనభై శాతం నిండగానే ఆపేసే వాల్వు ఉంటుంది. ఎండకు గ్యాసు వ్యాకోచిస్తే చోటుండాలి కదా. ఇంటి సిలిండరు నుంచి దొంగతనంగా ఎక్కించేవాడికి ఆ లెక్కలేవీ పట్టవు.

కిట్టు బిగించగానే పని అయిపోయినట్టు కాదు. అది గుర్తింపు పొందిన సంస్థ పరీక్షించి ఆమోదించిన కిట్టై ఉండాలి. ఏ మోడల్ బండికి ఆమోదం ఉందో ఆ బండికే వేయాలి. బిగించిన పద్నాలుగు రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేసి ఆర్‌సీలో ఇంధనం మార్పు నమోదు చేయించాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి పాలసీలోనూ రాయించాలి. అది చేయకపోతే రేపు ఏదైనా జరిగినప్పుడు క్లెయిము దగ్గర పేచీ తప్పదు. కొత్త తరం బీఎస్-6 పెట్రోలు కార్లకూ కిట్లు అమర్చుకునేందుకు 2022లో కేంద్రం అనుమతించింది. ఈ వ్యాగనార్ అంతకంటే పాతది కాబట్టి ఆ గొడవ లేదు.

కొల్లేటి అంచున...

ఆదివారం ఇంకా తెల్లవారకముందే నలుగురూ బయల్దేరారు. బందరు రోడ్డు మీద కంకిపాడు, ఉయ్యూరు దాటి పామర్రులో ఎడమవైపు తిరిగితే గుడివాడ. అక్కడ ఇడ్లీలు తిని మళ్లీ రోడ్డెక్కారు. మండవల్లి దాటాక నేల స్వభావమే మారిపోతుంది. కైకలూరు దగ్గర రోడ్డుకు ఓ పక్క కొల్లేటి అంచు. నీళ్ల మీద పొద్దుటి ఎండ, గట్ల మీద కొంగలు. అక్కడి నుంచి ఆకివీడు, ఉండి, భీమవరం దాకా ఎటు చూసినా చేపల చెరువులే. మధ్యలో నీళ్లు చిమ్ముతూ తిరిగే ఏరేటర్లు. ఒకప్పుడు వరి ఊగిన పొలాలివి.

కారు ఎలా ఉంది? తిన్నటి రోడ్డు మీద తేడా తెలియలేదు. ఓవర్‌టేక్ చేసేటప్పుడు మాత్రం కాస్త నీరసించింది. గ్యాసు మీద ఇంజన్ బలం పదో వంతు వరకు తగ్గడం మామూలే. వెనక సీట్లో కూర్చున్న ఫ్లెక్సీ షాపాయన ప్రతి అరగంటకూ ముక్కు ఎగబీల్చి వాసన చూశాడు. 'ఏం లేదురా. నీ చొక్కాకున్న సెంటు వాసనే' అని మిగతావాళ్లు ఏడిపించారు.

క్షీరారామం గోపురానికి కారులోంచే దణ్ణం పెట్టుకుని పాలకొల్లు దాటారు. దిగమర్రు తర్వాత చించినాడ వంతెన. కింద వశిష్ఠ గోదావరి, అవతల దిండి, కొబ్బరి తోటల కోనసీమ. వంతెన ఎక్కేటప్పటికి నాలుగు దీపాల్లో రెండు ఆరిపోయాయి. రాజోలు చేరేసరికి మూడోది కూడా మినుకుమినుకుమంటోంది. 'నూటయాభై కిలోమీటర్ల దాకా లాగింది బావా!' అన్నాడు రిప్రజెంటేటివ్ సంతోషంగా. మాస్టారు పలకలేదు. రాజోలు దగ్గర్నుంచే ఆయన మాటలు తగ్గాయి.

కొబ్బరి చెట్ల కింద నిప్పు

కోనసీమ నేల కింద గ్యాసుందని తెలిసి నలభై ఏళ్లు దాటింది. తాటిపాకలో ఓఎన్‌జీసీ రిఫైనరీ ఉంది. ఏడాదికి 66 వేల టన్నుల సామర్థ్యంతో దేశంలోకెల్లా చిన్నది. రోడ్డు మీద వెళ్తుంటే కొబ్బరి తలల మధ్య నుంచి ఇనుప గొట్టాలూ ట్యాంకులూ కనిపిస్తాయి. పొలాల గట్ల మీద అక్కడక్కడా చిన్న చిన్న బోర్డులు. 'కింద గ్యాస్ పైపులైను ఉంది, తవ్వరాదు' అని.

తాటిపాక నుంచి అమలాపురం వైపు వెళ్తే ముందు నగరం, ఆ తర్వాత పాశర్లపూడి వస్తాయి. రెండూ మామిడికుదురు మండలంలోవే. ఈ రెండు పేర్లూ తెలుగువాళ్లకు కొత్తవి కావు.

1995 జనవరిలో పాశర్లపూడి బావిలో బ్లో అవుట్ జరిగింది. భూమిలోంచి ఎగదన్నిన గ్యాసు అంటుకుని రెండు నెలలకు పైగా ఆరకుండా మండింది. చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించారు. ఆ మంట వెలుగుకు రాత్రీ పగలూ తేడా తెలియలేదని ఇప్పటికీ పెద్దవాళ్లు చెబుతారు. మార్చి నడిమికి గానీ అది అదుపులోకి రాలేదు.

నగరం కథ వేరు. 2014 జూన్ 27. ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. తాటిపాక నుంచి విజయవాడ పక్కనున్న కొండపల్లికి గ్యాసు తీసుకెళ్లే గెయిల్ పైపులైను ఊళ్లోనే పగిలింది. గ్యాసు ఇళ్ల మధ్య మంచులా కమ్ముకుంది. ఎవరో పొయ్యి వెలిగించేసరికి భగ్గుమందని అప్పట్లో పత్రికలు రాశాయి. ఇళ్లు, దుకాణాలు, కొబ్బరి చెట్లు నిలువునా కాలిపోయాయి. ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వాళ్లలో పసిపిల్లలూ ఉన్నారు. పైపు అలా ఎందుకు పగిలింది? తేమ లేని పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో నీరూ, ద్రవాలూ కలిసిన గ్యాసు పంపడంతో లోపల్లోపలే తుప్పు పట్టిందని విచారణలో తేలింది. పైపు కారుతోందని ఊరివాళ్లు అంతకుముందే మొరపెట్టుకున్నారు. అంటే ఇక్కడా మొదట లేచింది ఆవగింజంత బుడగే. దాన్ని చిన్నప్పుడే పట్టుకునే మేస్త్రి లేకపోయాడు.

నగరంలో కారు ఆపి నలుగురూ కిందకి దిగారు. ఊరు మామూలుగా ఉంది. టీ కొట్టు, బడ్డీలు, సైకిళ్ల మీద కొబ్బరికాయలు. కొత్త ఇళ్లు లేచాయి. చెట్లు మళ్లీ పెరిగాయి. కొత్తగా వచ్చినవాళ్లకు ఏదీ కనిపించదు. ఫ్లెక్సీ షాపాయన జోకులు కట్టిపెట్టాడు. 'బెజవాడ కరెంటు కోసమేగా ఆ పైపు...' అని మాత్రం అన్నాడు. కొండపల్లిలో ఆ గ్యాసుతో నడిచింది విద్యుత్ కేంద్రమే మరి.

బెజవాడ బంకులో కారుకు నింపే ప్రతి కిలో గ్యాసూ ఈ నేలదే అని చెప్పలేం. ఇప్పుడు దేశమంతా పైపులు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయి. కొంత గ్యాసు విదేశాల నుంచి ద్రవరూపంలో ఓడల్లో వస్తోంది. మన కారులోకి వచ్చే గ్యాసు ఏ బావిదైనా కావచ్చు. ఎవరో ఒకరి పొలం కింద నుంచి, ఎవరో ఒకరి ఇంటి పక్క నుంచి రాక తప్పదు. మీటరు మీద కనిపించే ధరలో ఆ ఊళ్ల భయానికి లెక్క కట్టరు.

అక్కడికి కాస్త దూరంలో మాస్టారి పిన్ని ఇల్లు. పెంకుటిల్లు, ముందు అరుగు, పెరట్లో కొబ్బరి చెట్లు. కారు చప్పుడు వినగానే ఆవిడ బయటికొచ్చింది. 'ఏరా అబ్బాయ్, ఇన్నాళ్లకి గుర్తొచ్చేమా? రండి బాబూ, కాళ్లు కడుక్కోండి' అంటూ నలుగురికీ బొండాలు కొట్టించింది. టీ పెట్టడానికి వంటింట్లోకెళ్లింది. అగ్గిపుల్ల తీసే ముందు కిటికీ తలుపులు రెండూ బార్లా తెరిచి, ఓ క్షణం నిలబడి గాలి పీల్చి చూసింది. 2014 నుంచి అలవాటేనట. వాన కురుస్తున్నా, చలి కొరికేస్తున్నా సరే, పొయ్యి వెలిగించే ముందు కిటికీ తెరవాల్సిందే.

తిరుగు ప్రయాణానికి లేచేటప్పుడు కారు వెనకాల అంటించిన సీఎన్‌జీ స్టిక్కరు చూసి ఆవిడ ఆగింది. 'ఇదేంట్రా, కారుక్కూడా గ్యాసేనా?'

'అవును పిన్నీ. ఖర్చు తక్కువ.'

'ఖర్చు తక్కువే లేరా. కారుతోందో లేదో చూసుకున్నారా?'

మాస్టారు సమాధానం చెప్పేలోగా రిప్రజెంటేటివ్ ముందుకొచ్చాడు. సీటు కింద నుంచి మేస్త్రి ఇచ్చిన సబ్బునీళ్ల సీసా, బ్రష్షు బయటికి తీశాడు. బానెట్ ఎత్తి, నిన్న బుడగ లేచిన జాయింటు మీద ఆవిడ చూస్తుండగానే నురగ పూశాడు. పిన్నిగారు కొంగు సర్దుకుని, కళ్లజోడు పెట్టుకుని, వంగి తదేకంగా చూసింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. నురగ నురగలాగే ఉంది. బుడగ లేవలేదు.

'అయితే వెళ్లి రండి' అందావిడ. 'నెలకోసారైనా ఇలా చూసుకోండి బాబూ. మాకెవరూ చూడలేదు.'